కోరుకొండ యాత్ర – వెలుగు తెచ్చెడి వార్తలు

రాజమహేంద్రవరమునుండి గోకవరము పోవు బస్సెక్కి యించుమించు ఇరువది కిలోమీటర్లు పోయినచో, చదునైన చేలనడుమ అరిటాకులో వడ్డించిన యన్నపురాశివలె నొంటిగా నిలిచిన కొండయొకటి కానవచ్చును. అదియే కోరుకొండ. శిఖరముమీద లక్ష్మీనృసింహస్వామి కొలువైయున్నాడు. పదునాలుగవ శతాబ్దమున, కాకతీయ రాజ్యము కూలిన పిమ్మట, ముమ్మడి నాయకుడు దీనిని తన రాజధానిగా జేసికొని గోదావరీతీరమును పాలించెను. ఇప్పుడా రాచఠీవి యేమియు లేదు. ఫాల్గుణమాసపు తీర్థము నాళ్లలో మాత్రము జనము ఇసుక వేసిన రాలకుండ వచ్చెదరు.

మేము పోయినది తీర్థపు సందడి యణగిన తరువాత, ఫాల్గుణ బహుళమున. మా వారు బడిపంతులు గనుక సెలవుదినము చూచుకొని బయలుదేరితిమి. మా యత్తగారు మోకాళ్లనొప్పిచే కొండయెక్కజాలక, క్రిందనున్న మా బంధువులయింట నుండిపోయిరి. మెట్లు నిటారుగా నుండును. నడుమ కూర్చుండుటకు చాలినంత చోటుండదు. అవి ఆఱువందలకు పైబడియుండును గాని, మా వారి లెక్క యొకటియు, అమ్మాయి లెక్క మఱొకటియునై తండ్రీకూతుళ్లకు పెద్ద వాదము జరిగినది. నే నా లెక్కలో దూఱలేదు. ఊపిరి లెక్కించుకొనుటయే నాకు పని యయ్యెను.

దర్శనమైన పిమ్మట పడమటివైపు మెట్లమీద కూర్చుంటిమి. క్రింద వరిచేలు, చెఱువులు, తాటిచెట్ల వరుసలు. ఉత్తరమున మన్యపు కొండల నీలిచాఱ. సూర్యబింబము తాంబాళమంతై యెఱ్ఱబడి దిగుచుండెను. అప్పుడు మా యమ్మాయి, ఏడవతరగతి చదువుచున్నది, చటుక్కున నడిగినది: “అమ్మా, సూర్యుడిలో హైడ్రోజనూ హీలియమూ ఉన్నాయని మా పుస్తకంలో రాశారు. ఎవరైనా వెళ్లి చూసొచ్చారా? వెళితే కాలిపోరూ?”

ప్రశ్న చిన్నది కాదు. 1835లో ఆగస్టు కోంటు అను ఫ్రెంచి తత్త్వవేత్తయే, నక్షత్రముల దూరమును చలనమును కొలువవచ్చునేమో గాని, అవి యే ద్రవ్యముతో నైనవో మనుష్యుడెన్నటికిని తెలిసికొనలేడని వ్రాసెను. చేత బట్టి చూడని వస్తువు గుణమెట్లు తెలియునని యాయన యభిప్రాయము. కాని తెలిసినది. ఎట్లనగా, ఆ వస్తువు తానే తన వెలుగుచేతి కిచ్చి వార్త పంపుచున్నది. ఆ యుత్తరమును చదువుట యెట్లో మన వంటయింటిలోనే చూడవచ్చును.

సోదరీమణులారా, గ్యాసుపొయ్యిమీద పప్పు పొంగినప్పుడు మీరందఱును చూచియే యుందురు. నీలముగా నుండిన మంట ఒక్కసారి పచ్చగా, పసుపుగొమ్ము వన్నెగా మాఱును. ఆ పసుపు పప్పుది కాదు, ఉప్పుది. ఉప్పులో సోడియమను లోహము గలదు. అది మంటలో బడి వేడెక్కినప్పుడు తనదైన యొక పసుపువన్నెనే వెలువరించును. ఆ వెలుగును ముక్కోణపు గాజుపలకగుండ పోనిచ్చినచో, ఇంద్రధనుస్సువలె సమస్తవర్ణములు రావు. ఒకదానిని ఆనుకొని యొకటిగా రెండు పసుపు గీతలు మాత్రమే కనబడును. రాగి కొకటి, ఇనుమున కొకటి, ఉదజని కొకటి, ప్రతిదానికి వేర్వేఱు గీతల వరుసలు గలవు. వాకిటి ముగ్గునుబట్టి యే యిల్లాలు పెట్టినదో చెప్పగల ముసలమ్మలు మన వీధులలో నున్నారు గదా, ఇదియు నట్టిదే. సూర్యుని వర్ణపటములో నల్లని సన్నగీతలున్నవని 1814లో ఫ్రౌనుహోఫరను గాజుపనివాడు జర్మనీదేశమున శ్రద్ధగా గుఱుతు వేసికొనెను. అవి యేయే ద్రవ్యముల ముద్రలో 1859, 60 సంవత్సరములలో కిర్కాఫు, బున్సెనులు మంటలో లవణములు చల్లి పోల్చి చూచి కనుగొనిరి. కోంటు మాట పాతికయేండ్లు మాత్రమే నిలిచినది.

అమ్మాయి యంతటితో వదలలేదు. “హీలియం సంగతో?” అన్నది. నేను నైరుతిదిక్కునకు చేయి చాచితిని. అచ్చటినుండి కనబడునంత దగ్గఱ కాదు గాని, ఆ దిక్కుననే బందరును గుంటూరును గలవు. హీలియము జాడ లోకమునకు మొదట దొరకినది మన తెలుగుగడ్డమీదనే. ఈ సంగతి మన పిల్లల పుస్తకములలో నొక పంక్తియైనను ఉండకపోవుట నాకు చిన్నతనముగా తోచును.

1868 ఆగస్టు 18వ తేది అమావాస్యనాడు సంపూర్ణ సూర్యగ్రహణము సంభవించెను. చంద్రుని నీడ పడమటితీరమునుండి వచ్చి, మన దేశమును దాటి, గుంటూరు బందరుల మీదుగా సముద్రములోనికి పోయినది. గుంటూరున సూర్యుడు ఐదు నిమిషములకు పైగా పూర్తిగా మఱుగుపడియుండెను. ఆ కొలది నిమిషములకొఱకు ప్రాన్సునుండి జాన్సెను పండితుడు సముద్రములు దాటి గుంటూరికి వచ్చెను. ఇంగ్లీషు సేనకు చెందిన మేజరు టెన్నెంటును అచ్చటనే తన యంత్రములను నిలుపుకొనెను. మదరాసు వేధశాలాధికారియగు పాగ్సను దొర బందరులో నిలిచెను. అదే వేధశాలలో పనిచేయుచున్న చింతామణి రఘునాథాచార్యులు వనపర్తికి పోయిరి.

సూర్యబింబము మఱుగుపడగానే, ఆ నల్లని వట్రువ యంచున ఎఱ్ఱని జ్వాలలు నాలుకలు చాచినట్లు కనబడెను. అవి యేమో అంతవఱకు నెవ్వరికిని తెలియదు. కొందఱవి చంద్రునివే యనుకొనిరి. జాన్సెను తన వర్ణపటదర్శినిని వానివైపు త్రిప్పగా, ఇంద్రధనుస్సు కాదు, వేర్వేఱుగా ప్రకాశించు గీతలు కానవచ్చెను. అనగా నవి సూర్యుని చుట్టును మండుచున్న వాయువులన్నమాట. ఆ గీతలు మిక్కిలి ప్రకాశవంతములగుట చూచి, గ్రహణము లేనప్పుడును వీనిని చూడవచ్చునని యాయనకు స్ఫురించెను. మఱునాటి యుదయమున, పూర్ణసూర్యుడు ప్రకాశించుచుండగనే, గుంటూరులో ఆ గీతలను మఱల చూచెను. ఇకమీదట సూర్యుని పరీక్షించుటకు గ్రహణమునకై యేండ్లతరబడి కాచుకొనియుండవలసిన పని లేకపోయెను. ఇంగ్లండులో నార్మను లాకియరు అక్టోబరు 20న స్వతంత్రముగా నదే పని చేసెను. ఇరువుర వార్తలును ప్యారిసు పండితసభ కొక్కనాడే చేరెననియు, ఆ సభవారు ఇరువురి ముఖములను చెక్కించి యొకే పతకము వేయించిరనియు నందురు. నాకిది కావ్యములలోని సమన్యాయమువలె ముచ్చటగొల్పును.

ఆ గీతలలో పసుపుపచ్చనిది యొకటి యుండెను. మొదట నెల్లరును అది మన యుప్పుసోడియమేయని తలచిరి. లాకియరు సూక్ష్మముగా కొలిచి చూడగా, అది సోడియపు జంటగీతల ప్రక్కనే యున్నను వానిపై సరిగా పడలేదు. భూమిమీది యే ద్రవ్యమునకును అట్టి గీత లేదు. అందుచే నది సూర్యునియందే గల క్రొత్త ద్రవ్యమనియెంచి, గ్రీకుభాషలో సూర్యునకు పేరైన హీలియోసునుండి హీలియమని పేరు పెట్టిరి. చాలమంది నవ్విరట. ఇరువదియేడేండ్లకు, 1895లో, రామ్సే యను శాస్త్రజ్ఞుడు లండనులో నొకజాతి ఖనిజమునుండి వెలువడిన వాయువులో ఆ గీతనే చూచెను. తొలుత సూర్యునియందు కనబడి, పిదప నింటిలో దొరకిన వస్తువిది. నేడు ఆసుపత్రులలో ఎం.ఆర్.ఐ. యంత్రము లోపలి యయస్కాంతమును చల్లగా నుంచునది ద్రవరూపమైన హీలియమే. మా వీధిలో నొకామె తలనొప్పికి ఆ యంత్రములో పడుకొని వచ్చి, “గుహలో దూరినట్టుందమ్మా” అన్నది. ఆ గుహ చల్లదనమునకు మూలము గుంటూరు ఆకాశమున కనబడినదని యామెకు చెప్పితిని, నమ్మినట్లు తోచలేదు.

వేధశాలల చరిత్రలో మన యాడువారి పేరు వెదకినచో బొత్తిగా లేకపోలేదు. పాగ్సను దొర కుమార్తె ఐసిసు 1873 మొదలు మదరాసు వేధశాలలో తండ్రికి తోడై లెక్కలు కట్టెను. లండను జ్యోతిష్కసంఘమున చేర్చుకొనుడని 1886లో కోరగా, స్త్రీయగుటచే నిరాకరించిరి. 1920లో గాని చేర్చుకొనలేదు. అంతకంటె మనకు దగ్గఱి కథ విశాఖపట్టణముది. గోడే వెంకట జగ్గారావుగారు 1840లో డాబాతోటలో సొంతముగ వేధశాల కట్టించిరి. ఆయన 1856లో గతించిన తరువాత దానిని నిలిపినవారు ఆయన కుమార్తె అంకితం అచ్చయ్యమ్మగారును, అల్లుడు నరసింగరావుగారును. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబముమీదుగా నడచుటను నరసింగరావుగారచ్చటినుండియే పరీక్షించిరి. పుట్టింటినుండి దూరదర్శినీయంత్రము సంక్రమించిన యాడుబిడ్డ మన చరిత్రలో వేఱొకతె యుండునని నే ననుకొనను.

చీకటి పడుచుండగా కొండ దిగితిమి. బంధువులయింటి డాబామీద చాపలు పఱచి యుంచిరి. మా యత్తగారచ్చట కూర్చుండి, మేము మెట్లమీద చెప్పుకొన్న గ్రహణపు కథ వినగోరిరి. వినిన పిమ్మట కొంతసే పూరకుండి, “నా సంగతి మీకెప్పుడూ చెప్పలేదు గదా” అని మొదలిడిరి.

1980 ఫిబ్రవరి 16వ తేది మధ్యాహ్నము మఱియొక సంపూర్ణగ్రహణము తెలుగుదేశముమీదుగా పోయినది. హైదరాబాదు చేరువనున్న రంగాపురమున ఉస్మానియా విశ్వవిద్యాలయపు వేధశాల యా నీడలో నుండుటచే, దేశదేశముల శాస్త్రజ్ఞు లచ్చట గుమిగూడిరి. మా గోదావరిసీమలో సూర్యుడు మిక్కిలిపాలు మఱుగుపడెను. అప్పుడు మా యత్తగారు నిండుచూలాలు. ఆమెను చీకటిగదిలో వెల్లకిల పరుండబెట్టి, కాలుచేయి కదపరాదని, దాహమైనను నోరు తెఱవరాదని కట్టడి చేసిరట. “గది కిటికీసందుల్లో గుడ్డలు కూరేరమ్మా. బయట కాకులు గూళ్లకు చేరుతున్న అరుపులు వినిపించాయి. ఏం జరుగుతోందో అని ఒకటే గుబులు. గుక్కెడు నీళ్లిస్తే చాలనిపించింది.” ఆనాటి గర్భస్థశిశువు మా వారే. ఆయనకు గ్రహణపు మొఱ్ఱియు లేదు, మచ్చయు లేదు. లెక్క తప్పుగా పెట్టుట యొక్కటే యున్నది, మెట్ల విషయమున చూచితిరి గదా.

గ్రహణము నీడయని క్రీస్తుశకము 499 ప్రాంతమున ఆర్యభటుడే చెప్పియున్నాడు. నీడ గర్భమును తాకదు. చూలాలిని గంటలతరబడి నీరులేకుండ నుంచుటయే కీడు. స్నానము చేయువారు చేయుదురు, జపము చేయువారు చేయుదురు; వారి శ్రద్ధ వారిది. కాని దాహమునకు నీళ్లడుగు కోడలి నోటికి గ్లాసందీయక, శాస్త్రమని పేరు పెట్టుట తగదు. ఒక్క కట్టడి మాత్రము నిజముగ పాటింపవలసినది: పాక్షికగ్రహణమున సూర్యుని వట్టికంటితో చూడరాదు, మసిబట్టిన గాజు, పాత ఎక్సురే ఫిలిము, నల్లకండ్లద్దములు పనికిరావు. అందులకై చేసిన గ్రహణపుటద్దములతోనే చూడవలయును. లేదా అట్టముక్కకు సూదితో రంధ్రము చేసి, దానిగుండ పడు సూర్యబింబమును నేలమీద చూచుకొనవచ్చును.

“ఇక వచ్చేదెప్పుడు?” అని యత్తగారడిగిరి. మన దేశముమీదుగా పోవు సంపూర్ణగ్రహణము 2034 మార్చి 20న, కాశ్మీరు లడఖు ప్రాంతమునను మాత్రమే యని మా వారు చెప్పిరి. ఆమె వ్రేళ్లు మడచి తన వయస్సు లెక్కించుకొని, “కాశ్మీరానికి రైలుందా?” అన్నారు. మేమెవ్వరమును నవ్వలేదు.

అప్పటికి చుక్కలు చిక్కగా పొడిచినవి. పడమటివైపున మృగశిర, దాని చెంత ఎఱ్ఱని ఆరుద్ర. ఈశాన్యమున సప్తర్షులు లేచుచుండిరి. చుక్క యెఱుపైనచో వేడి తక్కువ, నీలితెలుపైనచో ఎక్కువ. కమ్మరికొలిమిలో ఇనుము మొదట నెఱ్ఱబడి పిదప తెల్లబడునట్లే. వసిష్ఠుని ప్రక్కన అరుంధతిని చూపితిమి. ఆ చుక్కనుండి వెలుగు మనలను చేరుటకు ఎనుబది యేండ్లకు పైబడి పట్టును, వెలుగు సెకండునకు మూడులక్షల కిలోమీటర్లు పరుగెత్తుచున్నను. అనగా నేడు పెండ్లిపందిటిలో మనుమరాలికి చూపు నరుంధతి, అవ్వ పెండ్లికూతురై యుండిన కాలమున బయలుదేరిన వెలుగు. వసిష్ఠుడును ఒక్కడు కాడు. 1889లో అమెరికాలోని హార్వర్డు వేధశాలలో పికరింగను నాతడును, ఆయన క్రింద పనిచేయుచున్న ఆంటోనియా మోరీ యనునామెయు ఆ నక్షత్రపు వర్ణపటచ్ఛాయాచిత్రములను పరిశీలింపగా, గీతలొకప్పుడు ఒంటిగా, ఒకప్పుడు జంటగా కనబడుచుండెను. ఒకదానినొకటి చుట్టుకొని తిరుగు రెండు చుక్కలే ఒక్కటిగా కనబడుచున్నవని దానినిబట్టి తెలిసినది. దగ్గఱకు వచ్చుదాని గీత నీలమువైపు, దూరమగుదాని గీత యెఱుపువైపు జరుగును. ఎంత గొప్ప దూరదర్శినితో చూచినను విడివడి కనబడని జంటను గీతలు పట్టియిచ్చినవి.

ఇంతలో ప్రక్కయింటి కుఱ్ఱవాడు తీర్థములో కొనిన బొమ్మలేసరు తెచ్చి, పచ్చనిపోగువంటి కాంతిని కొండమీదికి వేసెను. మా యమ్మాయి కన్నులలోనికి త్రిప్పకముందే దాని నందుకొంటిని. తల్లులారా, ఇవి యాటవస్తువులు కావు. క్షణకాలము కంటబడినను చూపు చెడవచ్చును. అయితే లేసరు చెడ్డది కాదు. దీపపు వెలుగు తీర్థమునకు పోవు జనమువలె నెటుబడిన నటు పోవును. లేసరు వెలుగు ఒకే వన్నెతో, ఒకే యడుగుతో, బోయీలు పల్లకి మోసినట్లు సాగిపోవును. 1960లో మైమను అను నమెరికా శాస్త్రజ్ఞుడు దీనిని మొదట వెలిగించెను. అంతవఱకు ఆకాశము పంపిన వెలుగుకై కాచుకొనియుండిన జ్యోతిశ్శాస్త్రజ్ఞులు, ఇప్పుడు తామే వెలుగును పంపి ప్రత్యుత్తరము తెప్పించుకొనుచున్నారు.

1969లో చంద్రునిమీద కాలూనిన అపోలో యాత్రికులచ్చట నొక అద్దపుపలకను విడిచివచ్చిరి. వచ్చిన త్రోవనే వెలుగును మరలించునట్లు అందలి గాజుముక్కలు చెక్కబడియున్నవి. ఇచ్చటినుండి లేసరు వేసినచో రెండున్నర సెకండ్లలో తిరిగివచ్చును. ఆ కాలమునుబట్టి చంద్రుని దూరము కొలిచెదరు. ఏటేట నాతడు మననుండి దాదాపు 3.8 సెంటీమీటర్లు దూరమగుచున్నాడని యిట్లే తెలిసినది. 2023 జూలై 14న మన శ్రీహరికోటనుండి యెగిరిన చంద్రయాన్-3 లోని విక్రమ్, ఆగస్టు 23న చంద్రుని దక్షిణధ్రువప్రాంతమున దిగినది. దానిమీదను అయిదు సెంటీమీటర్ల వెడల్పుగల, ఎనిమిది గాజుముక్కలు కూర్చిన చిన్న బిళ్ళయున్నది. ఆ డిసెంబరు 12న చంద్రుని చుట్టు తిరుగుచున్న అమెరికా నౌకయొకటి నూఱు కిలోమీటర్ల దూరమునుండి లేసరు వేయగా, ఆ బిళ్ళ వెలుగును మరల పంపినది. కుంకుమభరిణె మూతయంత వస్తువు!

లేసరుతో ఉప్పుచుక్కను వెలిగించు విద్యయు నొకటి గలదు. చుక్కలు మినుకుమినుకుమనుటకు కారణము నడుమనున్న గాలి కదలుట. చూచువారికది యందమేగాని, పెద్ద దూరదర్శినితో పరీక్షించువారికి బొమ్మ చెదరిపోవును. భూమికి తొంబది కిలోమీటర్లయెత్తున సోడియము పలుచని పొరగా వ్యాపించియున్నది. చిలీదేశపు కొండలమీది వేధశాలనుండి పసుపువన్నె లేసరును పైకి వేసినచో, ఆ సోడియము వెలుగొంది, ఆకాశమున నొక కృత్రిమనక్షత్రమేర్పడును. అది యెట్లు వణకుచున్నదో చూచి, అందుకు సరిపడ నద్దమును క్షణక్షణము వంచి, అసలు నక్షత్రపు వణకు తీర్చెదరు. మన పప్పు పొంగినప్పుడు వచ్చు పసుపును ఆ లేసరు పసుపును ఒక్కటే. అమెరికాలో నాలుగు కిలోమీటర్ల పొడవుగల రెండేసి గొట్టములలో లేసరు పంపి, 2015 సెప్టెంబరు 14న, నూటముప్పదికోట్ల కాంతిసంవత్సరముల యవతల రెండు కృష్ణబిలములు ఢీకొనిన యదురును కనుగొనిరి. అట్టిదానినే మహారాష్ట్రములో హింగోలి జిల్లాలో, ఔంఢా నాగనాథ జ్యోతిర్లింగమున్న ప్రాంతమున నిర్మించుటకు 2023లో మన ప్రభుత్వ మామోదించినది.

కోరుకొండకు పోదలచినవారు తీర్థపు రద్దీ కోరనిచో బహుళపక్షమున పోవుడు. వెన్నెల యడ్డము రాదు. ఎండ తగ్గిన పిమ్మటనే మెట్లెక్కుడు. మంచినీళ్లు వెంట నుంచుకొనుడు. దేవాలయము మూయువేళ క్రిందనే విచారించుకొని, వెలుతురుండగనే దిగుట మేలు. అంతదూరము పోలేనివారు ఇంటిలోనే పాత సి.డి. బిళ్ళనొకదానిని తీసి, రాత్రివేళ ట్యూబులైటు వెలుగును దానిమీద వాలుగా పడనిచ్చి చూడుడు. ఎల్.ఇ.డి. బల్బు వెలుగు ఇంద్రధనుస్సువలె తెగకుండ పఱచుకొనును. పాత ట్యూబులైటులోనైతే ఆకుపచ్చ చాఱ వేఱుగా నిలిచి కనబడును. అది గొట్టములోని పాదరసపు సంతకము. సూర్యునికి మాత్రమెన్నడును ఆ బిళ్ళను చూపరాదు. మా యమ్మాయి వచ్చిన మఱునాటినుండి వీధిలోని దీపములన్నిటికి నీ పరీక్ష జరుపుచున్నది; మూడిండ్లవారు మా పాత సి.డి.లు అడిగి పుచ్చుకొనిపోయిరి.